ఎన్‌సీసీలో చేరుస్తున్నారా? ముందు రక్తపరీక్ష చేయించండి

‘‘తొమ్మిదో తరగతిలో ఈ కవాతులెందుకు డాక్టరుగారూ, చదువు పాడవదా?’’ గూడూరులో తల్లిదండ్రులు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. ఎండలో నల్లబడతారని, ఎక్కడ పడిపోతారోనని అమ్మాయిల విషయంలో ఈ భయం మరీ ఎక్కువ. వైద్యుడిగా నేను చెప్పేది ఒక్కటే. అవకాశం వస్తే పంపండి, కాకపోతే సిద్ధం చేసి పంపండి.

నేషనల్ క్యాడెట్ కోర్ 1948లో చట్టం ద్వారా ఏర్పడింది. మరుసటి ఏడాదే అమ్మాయిలకూ విభాగం వచ్చింది. హైస్కూల్లో రెండేళ్ల శిక్షణకు ‘ఎ’ సర్టిఫికెట్, కాలేజీలో ‘బి’, ‘సి’ సర్టిఫికెట్లు ఇస్తారు. చేరినవారు సైన్యంలోకి వెళ్లి తీరాలన్న నిబంధన లేదు. సరిహద్దు, తీర ప్రాంతాల్లోని 173 జిల్లాల్లో కొత్తగా లక్ష మందిని చేర్చుకుంటామని, అందులో మూడో వంతు అమ్మాయిలేనని 2020లో కేంద్రం ప్రకటించింది.

ఒంటికి ఏం మేలు?

5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్లు అలిసేలా ఆడాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ప్రపంచంలో 11-17 ఏళ్లవారిలో నూటికి 81 మందికి అంత కదలిక లేదు. ఎముకలు గట్టిపడేది ముఖ్యంగా ఈ వయసులోనే. పరుగు, గెంతులు వంటి పాదాలపై బరువు మోపే వ్యాయామం వాటికి బలం. పగటి వెలుతురులో ఆరుబయట గడిపే పిల్లలకు దూరపు వస్తువులు మసకబారే చూపు సమస్య తక్కువ. శిబిరాల్లో వేళకు తిండి, వేళకు నిద్ర, నలుగురితో సర్దుకుపోవడం అలవడతాయి. అయితే పరేడ్ వారానికి కొన్ని గంటలే. మిగతా రోజుల్లో ఆట మాన్పించకండి.

కళ్లు తిరిగితే?

కదలకుండా చాలాసేపు నిలబడితే రక్తం కాళ్లలోకి దిగి, మెదడుకు చేరేది కాసేపు తగ్గుతుంది. పిక్కల కండరాలు కదిలితేనే రక్తం పైకి వెళ్తుంది. మన తీరంలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట త్వరగా ఆరదు, ఒళ్లు చల్లబడదు. పైగా ఖాళీ కడుపుతో వస్తే ఇక చెప్పేదేముంది! మోకాళ్లు బిగించొద్దని, బూట్లలోనే కాలివేళ్లు కదపమని పిల్లలకు చెప్పండి. ఎవరైనా పడిపోతే నీడలో పడుకోబెట్టి, కాళ్లు కొంచెం పైకి ఎత్తాలి. తెలివి వచ్చాకే నీళ్లు పట్టాలి. మాట తడబడుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా వడదెబ్బగా అనుమానించి, ఒళ్లంతా తడిపి గాలి విసురుతూ ఆసుపత్రికి తేవాలి. పరుగెత్తుతూ ఉన్నట్టుండి కుప్పకూలితే గుండె పరీక్ష తప్పనిసరి.

రక్తహీనత సంగతి

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం దేశంలో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతానికి, అబ్బాయిల్లో 31 శాతానికి రక్తహీనత ఉంది. ఆయాసం, నీరసం చూసి ‘మా పాపకు ఓపిక లేదు’ అనుకుంటాం. లేనిది ఓపిక కాదు, రక్తం! హిమోగ్లోబిన్ అమ్మాయిలకు 12 గ్రాములు, 15 ఏళ్లు దాటిన అబ్బాయిలకు 13 గ్రాములకు తగ్గకూడదు. ఈ పరీక్ష ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. బడిలో వారానికొకసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రను పారేయకుండా, అన్నం తిన్నాక వేసుకోమనండి. ఆకుకూర పప్పు మీద మన గూడూరు నిమ్మకాయ పిండుకుంటే అందులోని ఇనుము బాగా ఒంటబడుతుంది. భోజనం వెంటనే టీ తాగితే ఆ మేలు పోతుంది.

దాచకండి

ఆస్తమా, ఫిట్స్, గుండెజబ్బు, కీళ్లవాతం వచ్చిన చరిత్ర ఉంటే ‘చెబితే తీసుకోరేమో’నని దాచొద్దు. డాక్టరు సలహాతో, ఇన్‌హేలరు జేబులో పెట్టుకుని పరేడ్ చేయగలిగే ఆస్తమా పిల్లలు చాలామందే ఉంటారు. దాచిపెడితేనే ప్రాణం మీదికొస్తుంది. తిట్టినా కొట్టినా ఇంట్లో చెప్పొచ్చన్న ధైర్యం కూడా పిల్లలకు ఇవ్వండి.

పరేడ్ రోజున గంట ముందు రెండు ఇడ్లీలో, కాస్త రాగి సంగటో పెట్టండి. సీసా నిండా నీళ్లు ఇవ్వండి. బూట్లు కాలికి సరిపోయాయో లేదో మీరే చూడండి. తిరిగి రాగానే ఉప్పు వేసిన మజ్జిగ ఇచ్చి, మార్కుల సంగతి కాసేపు పక్కనబెట్టి, ఆ రోజు ఏం నేర్చుకున్నారో అడగండి.