షాంఘై మేత్రాసనం: బిషప్‌ను ఎవరు నియమించాలి?

చైనాలో కొత్త బిషప్ నియామకం జరిగినప్పుడల్లా వాటికన్, బీజింగ్‌ల మధ్య పేచీ వార్తల్లోకి వస్తుంది. ఒక్క మతపదవి కోసం రెండు ప్రభుత్వాలు ఇంత పట్టుబట్టడం ఎందుకు? షాంఘై మేత్రాసనం చరిత్రలో దీనికి జవాబుంది.

మేత్రాసనం అంటే ఒక బిషప్ ఆధ్వర్యంలో ఉండే స్థానిక చర్చి విచారణలన్నీ కలిసిన ప్రాంతం. కతోలికుల దృష్టిలో బిషప్‌లు అపొస్తలుల వారసులు, వారి నియామకం పోప్ చేతిలోనిది. తమ దేశంలోని మతపెద్దను విదేశీ అధికారి ఎంపిక చేయడం చైనా ప్రభుత్వానికి గిట్టదు. చిక్కంతా ఇక్కడే.

షాంఘైలో కతోలిక సంఘానికి పాదు వేసినవాడు చైనా పండితుడే. 1603లో జ్ఞానస్నానం పొందిన షూ గ్వాంగ్‌చీ, జెస్యూట్ గురువు మతేయో రిచ్చీతో కలిసి యూక్లిడ్ రేఖాగణితంలోని తొలి ఆరు భాగాలను చైనా భాషలోకి తెచ్చారు. 1608లో మరో జెస్యూట్ గురువు కతానియోను తన ఊరికి పిలిపించారు. అలా మొదలైన సంఘం 1724లో యోంగ్‌జెంగ్ చక్రవర్తి విధించిన నిషేధంతో చాటుమాటుగా బతకాల్సివచ్చింది. నల్లమందు యుద్ధంలో చైనా ఓడాక, 1842లో జెస్యూట్లు మళ్లీ వచ్చారు. పరాయి సైన్యాల వెనకే వచ్చిన మతమన్న అనుమానం అప్పటి నుంచీ చైనీయుల మనసుల్లో నాటుకుంది. షాంఘైలోని షూజియాహుయ్‌లో 1910 నాటికి కట్టిన సెయింట్ ఇగ్నేషియస్ కేథడ్రల్ ఫ్రెంచి ప్రాబల్య కాలానిదే.

షాంఘై 1946లో మేత్రాసనమైంది. 1949లో కమ్యూనిస్టులు అధికారానికి వచ్చారు. మరుసటి ఏడాది ఇగ్నేషియస్ గాంగ్ పిన్‌మేయ్ షాంఘైకి తొలి చైనా బిషప్ అయ్యారు. రోమ్‌తో తెగతెంపులకు ఆయన ఒప్పుకోలేదు. 1955 సెప్టెంబరు 8 రాత్రి ఆయనతో పాటు వందలమందిని అరెస్టు చేశారు. తర్వాత కుక్కల పందేల మైదానంలో జనం ముందు నేరం ఒప్పుకోమని మైకు దగ్గరికి నెడితే, ఆయన క్రీస్తురాజుకూ పోప్‌కూ జేజేలు పలికారు. 1960లో యావజ్జీవ శిక్ష పడింది. 1979లో పోప్ రెండో జాన్ పాల్ ఆయన్ను రహస్యంగా కార్డినల్‌ను చేశారు. ఆ సంగతి 1991లో గానీ బయటపడలేదు.

1957లో ప్రభుత్వం దేశభక్త కతోలిక సంఘాన్ని నెలకొల్పడంతో విశ్వాసులు ప్రభుత్వ సంఘం, రోమ్‌కు విధేయమైన అజ్ఞాత సంఘం అని రెండుగా చీలారు. సాంస్కృతిక విప్లవంలో కేథడ్రల్ శిఖరాలు కూల్చేశారు, రంగుటద్దాలు పగలగొట్టారు. 27 ఏళ్లు నిర్బంధంలో గడిపిన జెస్యూట్ గురువు జిన్ లూషియాన్, 1985లో రోమ్ అనుమతి లేకుండానే ప్రభుత్వ పక్షాన బిషప్ అయ్యారు. గురువిద్యాలయాన్ని నడిపారు, కేథడ్రల్‌ను బాగుచేయించారు. రోమ్ చాలాకాలం తర్వాత ఆయన్ను గుర్తించింది. అజ్ఞాత సంఘానికి మాత్రం ఫాన్ జోంగ్‌లియాంగ్ బిషప్‌గా ఉన్నారు.

2012లో ఇరుపక్షాల ఆమోదంతో బిషప్‌గా అభిషేకం పొందిన మా దాచిన్, ఆ రోజే దేశభక్త సంఘం నుంచి తప్పుకుంటున్నట్టు చెప్పారు. ఫలితం నిర్బంధం. 2018లో బిషప్‌ల నియామకాలపై వాటికన్, చైనాల మధ్య తాత్కాలిక ఒప్పందం కుదిరినా, 2023 ఏప్రిల్‌లో చైనా ఏకపక్షంగా బిషప్ షెన్ బిన్‌ను షాంఘైకి బదిలీ చేసింది. జూలైలో పోప్ ఫ్రాన్సిస్ దాన్ని ఆమోదించారు.

గాంగ్, జిన్ ఎంచుకున్న దారులు వేరు. అయినా ఇద్దరూ ఏళ్ల తరబడి జైలుపాలై, ఒకే మందను కాపాడాలని తపించారు. వారిలో ఒకరిని వీరుడిగా, మరొకరిని ద్రోహిగా తేల్చేయడం అన్యాయం. ఒప్పందం మంచిచెడ్డలను తూచాల్సింది సంతకాలతో కాదు, మా దాచిన్ లాంటివారికి దక్కే స్వేచ్ఛతో.