శిఖరయాత్ర ప్రణాళిక: అపోహలు – వాస్తవాలు

ఏడాది పొడవునా మంచు నిలిచే కొండ తెలుగు నేలపై ఒక్కటీ లేకపోయినా, పర్వతారోహణ చరిత్రలో తెలుగువారి పేర్లకు కొదవ లేదు. నెల్లూరు జిల్లాకు చెందిన మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలను 172 రోజుల్లో అధిరోహించారు. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు శిఖరంపై నిలిచారు. అప్పటికి పద్నాలుగేళ్లైనా నిండని పూర్ణ ఆ శిఖరాన్ని చేరిన అతి పిన్న బాలికగా గుర్తింపు పొందింది. వీరిద్దరికీ తొలి శిక్షణ ఇచ్చిన భువనగిరి కొండ హైదరాబాద్‌కు చేరువలోనే ఉంది. అయితే ఎవరెస్టు వార్తల ద్వారా ఏర్పడిన అవగాహననే మారుమూల ఉండే, నిటారు గోడల శిఖరాలకు కూడా వర్తింపజేయడం వల్ల, అలాంటి యాత్రను ఎలా రూపొందించాలనే విషయంలో పలు అపోహలు పాతుకుపోయాయి.

అపోహ 1: శిఖరం ఎంత ఎత్తుగా ఉంటే ఎక్కడం అంత కష్టం.

వాస్తవం: ఎత్తు, సాంకేతిక క్లిష్టత, మారుమూలతనం మూడూ వేర్వేరు కొలమానాలు. 8,848.86 మీటర్ల ఎవరెస్టుపై రద్దీగా ఉండే మార్గాల్లో ప్రతి సీజనులోనూ అనుభవజ్ఞులైన సిబ్బంది ముందుగా వెళ్లి, ఫిక్స్‌డ్ రోప్‌లను, అంటే మంచుకూ రాతికీ బిగించి ఉంచే తాళ్లను అమర్చుతారు. చార్‌ధామ్ యాత్రికులకు పరిచితమైన గంగోత్రికి పైన, గోముఖ్ ఆవల ఉన్న శివలింగ్ ఎత్తు 6,543 మీటర్లు, మేరు ఎత్తు 6,660 మీటర్లు మాత్రమే అయినా, అక్కడ దారి వెతుక్కోవడం నుంచి తాడు బిగించడం వరకూ ప్రతి పనీ జట్టే చేసుకోవాలి. అప్పటికే ఎవరెస్టు ఎక్కిన కాన్రాడ్ ఆంకర్ 2008లో ఇద్దరు సహచరులతో ఏడు రోజుల ఆహారం తీసుకొని మేరు గోడ ఎక్కడం మొదలుపెట్టి, తుపానులో చిక్కుకొని దాదాపు మూడు వారాలు ఆ గోడపైనే గడిపి, శిఖరానికి సుమారు 100 మీటర్ల దిగువ నుంచి వెనుదిరిగారు. ఆ ముగ్గురే 2011లో తిరిగి వచ్చి ఆ మార్గాన్ని పూర్తి చేశారు.

అపోహ 2: రోజూ పరుగెత్తేవారికి, జిమ్‌కు వెళ్లేవారికి ఎత్తు ప్రదేశాల జబ్బు రాదు.

వాస్తవం: గాలిలో ఆక్సిజన్ వాటా హైదరాబాద్‌లోనైనా హిమాలయాల్లోనైనా దాదాపు 21 శాతమే, తగ్గేది గాలి పీడనం. సముద్రమట్టంతో పోలిస్తే అది 5,500 మీటర్ల వద్ద సగానికి, ఎవరెస్టు శిఖరంపై మూడో వంతుకు పడిపోతుంది. ఈ లోటుకు శరీరం క్రమంగా సర్దుకోవడాన్ని అక్లిమటైజేషన్ అంటారు. దీనికి కావలసింది వ్యవధి కాబట్టి, కండబలం ఆ వ్యవధిని తగ్గించలేదు. 3,000 మీటర్లు దాటాక రాత్రి నిద్రించే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదనీ, మూడు నాలుగు రోజులకు ఒకసారి విశ్రాంతి రోజు ఉండాలనీ వైద్యులు సూచిస్తారు. సుమారు 500 మీటర్ల ఎత్తున ఉన్న హైదరాబాద్ నుంచి బయలుదేరి, విమానంలో ఒక్కరోజులోనే 3,500 మీటర్ల లేహ్‌లో దిగేవారికి ఈ జాగ్రత్త మరీ అవసరం. దేహదారుఢ్యం ఉన్నవారు తలనొప్పిని, వాంతులను లెక్కచేయక వేగంగా పైకి పోతుంటారు కనుక ప్రమాదం వారికే ఎక్కువ కావచ్చు. ఊపిరితిత్తుల్లో నీరు చేరినా, మెదడు వాచినా అసలు చికిత్స వెంటనే కిందికి దించడమే. మందులు, ఆక్సిజన్ సిలిండర్ ఆ దిగే పనికి కొంత వెసులుబాటు మాత్రమే ఇస్తాయి.

అపోహ 3: ఒక శిక్షణ కోర్సు పూర్తి చేస్తే ఏ శిఖరానికైనా అర్హత వచ్చినట్లే.

వాస్తవం: భువనగిరి ఏకశిలపై తాడు కట్టడం, కొండ ఎక్కడం, తాడు సాయంతో దిగడం నేర్చుకోవచ్చు గానీ, మంచు స్వభావాన్ని తెలుసుకోవాలంటే మంచులోకే వెళ్లాలి. అందుకే పూర్ణ, ఆనంద్‌ల శిక్షణ భువనగిరితో ఆగలేదు. అక్కడ వడపోత జరిగాక డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో, ఆ తర్వాత లద్దాఖ్ చలిలో కొనసాగింది. డార్జిలింగ్, ఉత్తరకాశీ, మనాలీ సంస్థల్లో సుమారు నాలుగు వారాల బేసిక్ కోర్సులో ‘ఏ’ గ్రేడ్ వచ్చినవారికే అడ్వాన్స్‌డ్ కోర్సులో ప్రవేశం లభిస్తుంది. ఆ రెండూ పూర్తయినా, ఏ వాలుపై మంచు జారవచ్చో పసిగట్టే నేర్పు చిన్న శిఖరాలపై అనేక సీజన్లు గడిపితేనే అలవడుతుంది. 2022 అక్టోబరు 4న ఉత్తరకాశీ సమీపంలోని 5,670 మీటర్ల ద్రౌపదీ కా దండా–2పై మంచుచరియలు విరుచుకుపడి, అడ్వాన్స్‌డ్ కోర్సు జట్టులోని పాతికమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. అనుభవజ్ఞులైన శిక్షకుల వెంట నడిచిన జట్టుకే అలాంటి ఆపద ఎదురైందంటే, సర్టిఫికెట్‌ను రక్షణకవచంగా భావించడం ఎంత పొరపాటో తెలుస్తుంది.

అపోహ 4: యాత్ర ఎన్ని రోజులో లెక్కగట్టి, అన్ని రోజులకు సరుకులు సర్దుకుంటే చాలు.

వాస్తవం: మారుమూల శిఖరంపై లెక్క ఆహారంతో కాక ఇంధనంతో మొదలవుతుంది, ఎందుకంటే అక్కడ తాగే ప్రతి గుక్కనూ మంచు కరిగించే పొందాలి. మనిషికి రోజుకు మూడు నాలుగు లీటర్ల నీళ్లు కావాలి. అందుకు రోజుకు 120 గ్రాముల గ్యాస్ అనుకుంటే, నలుగురికి పది రోజులకు 4.8 కిలోలు, అంటే 230 గ్రాముల డబ్బాలు 21 అవసరమవుతాయి. వీటిని విమానంలో తీసుకెళ్లడానికి వీలుండదు కాబట్టి పర్వతాల దగ్గరి పట్టణంలోనే సమకూర్చుకోవాలి. బ్యూటేన్ సున్నా డిగ్రీల దరిదాపుల్లోనే ఆవిరి కావడం మానేస్తుంది గనుక, ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిపిన డబ్బాలనే ఎంచుకోవాలి. 5,000 మీటర్ల వద్ద నీళ్లు సుమారు 83 డిగ్రీలకే మరుగుతాయి కనుక, ఇంట్లో మాదిరిగా గిన్నెలో కందిపప్పు ఉడికించాలంటే గంటల కొద్దీ గ్యాస్ వృథా అవుతుంది. అందుకే బేస్ క్యాంపులో ప్రెషర్ కుక్కర్, పై క్యాంపుల్లో వేడినీళ్లు పోస్తే సిద్ధమయ్యే ఆహారం వాడతారు. ఇంత లెక్క వేశాక, వాతావరణం అనుకూలించక గుడారంలోనే కూర్చోవలసిన రోజులను వేరుగా కలపాలి. మేరుపై 2008లో ఏడు రోజుల ఆహారాన్ని ఎన్ని రోజులకు సాగదీయవలసి వచ్చిందో గుర్తుంచుకుంటే ఈ అదనం ఎందుకో అర్థమవుతుంది.

అపోహ 5: అనుమతులు లాంఛనమే, డబ్బు కడితే వచ్చేస్తాయి.

వాస్తవం: ఎక్కదలచిన శిఖరాన్నీ, మార్గాన్నీ, కాలాన్నీ కూడా అనుమతులే నిర్ణయించవచ్చు. నేపాల్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కడానికి కనీస వయసు 16 ఏళ్లు కావడంతో పూర్ణ జట్టు టిబెట్ వైపు మార్గాన్ని ఎంచుకోవలసి వచ్చింది. భారత హిమాలయాల్లో శిఖరారోహణకు ఢిల్లీలోని ఇండియన్ మౌంటెనీరింగ్ ఫౌండేషన్‌కు దరఖాస్తు చేసుకోవాలి; జాతీయ ఉద్యానవనాల్లో అటవీ శాఖ అనుమతి, సరిహద్దు ప్రాంతాల్లో ఇన్నర్ లైన్ పర్మిట్, అంటే సరిహద్దుకు చేరువగా వెళ్లేవారికి ఇచ్చే ప్రత్యేక అనుమతి, అదనంగా కావాలి. కొన్ని ప్రాంతాల్లోకి సాధారణ ఆరోహకులకు ప్రవేశమే లేదు. నందాదేవి శిఖరాన్ని చుట్టి ఉన్న లోయను 1983లో మూసివేశారు. కాబట్టి అనుమతి చేతికి రాకముందే టికెట్లు కొనడం, సెలవులు ఖాయం చేసుకోవడం తలకిందుల పని.

అపోహ 6: ఆపద వస్తే ఒక్క ఫోన్ చేస్తే హెలికాప్టర్ వస్తుంది.

వాస్తవం: గాలి పలచబడే కొద్దీ హెలికాప్టర్ రెక్కలకు ఎత్తే శక్తి తగ్గుతుంది, మబ్బు కమ్మినా, ఈదురుగాలి వీచినా అది ఎగరడం కష్టం, ఇక నిటారు గోడపై దిగడానికి చోటే ఉండదు. శాటిలైట్ ఫోన్‌ను కూడా భారతదేశంలో టెలికమ్యూనికేషన్ల శాఖ అనుమతి లేకుండా వెంట ఉంచుకోవడం చట్టవిరుద్ధం. మస్తాన్ బాబు అంతటి అనుభవశాలి 2015 మార్చిలో అర్జెంటీనా–చిలీ సరిహద్దులో ఉన్న 6,749 మీటర్ల ట్రెస్ క్రూసెస్ సుర్ శిఖరంపైకి ఒంటరిగా వెళ్లారు. మార్చి 24 తర్వాత ఆయన ఆచూకీ తెలియలేదు. ప్రతికూల వాతావరణంలో గాలింపు సాగగా, ఏప్రిల్ మొదటి వారంలో ఆయన భౌతికకాయం దొరికింది. కనుక మారుమూల శిఖరంపై మొదటి రక్షణ దళం జట్టులోని సభ్యులే. గాయపడినవారిని ఎవరు మోస్తారు, ఎవరు బేస్ క్యాంపుకు కబురు తెస్తారు, ఏ రోజు దాటితే వెతుకులాట మొదలుపెట్టాలి అన్నవి బయలుదేరక ముందే రాతపూర్వకంగా ఉండాలి.

అపోహ 7: శిఖరం చేరితే యాత్ర ముగిసినట్లే.

వాస్తవం: అలసట, ఆకలి, చీకటి, ఏకాగ్రత సడలడం అన్నీ కలిసి దిగే వేళలోనే ప్రాణాలు తీస్తాయి. 1996 మే 10, 11 తేదీల్లో ఎవరెస్టుపై ఎనిమిదిమంది మరణించిన దుర్ఘటనకు, వెనుదిరగవలసిన వేళ దాటాక కూడా పైకి సాగడం ఒక ముఖ్య కారణం. సాంకేతికంగా కఠినమైన శిఖరంపై దిగడమంటే, తాడుకు వేలాడుతూ అంచెలంచెలుగా జారడం. 60 మీటర్ల తాళ్లు రెండింటిని ముడివేస్తే ఒక్కో అంచెకు గరిష్ఠంగా 60 మీటర్లు దిగవచ్చు. 1,000 మీటర్ల గోడకు కనీసం 17 అంచెలు, ప్రతి అంచెకు ఒక కొత్త ఆధారం కావాలి. గట్టి మంచులో ఐస్ స్క్రూతో రెండు రంధ్రాలను ఏటవాలుగా, లోపల ఒకదానితో ఒకటి కలిసేలా తొలిచి, వాటిలో సన్నతాడు దూర్చి ముడివేసి, దానికి అసలు తాడు తగిలిస్తే తక్కువ ఖర్చులో నమ్మకమైన ఆధారం ఏర్పడుతుంది. అందుకు కావలసిన సన్నతాడు బయలుదేరే నాడే సంచిలో ఉండాలి. పైకెళ్లాక ఏ దుకాణంలోనూ దొరకదు.

ఈ అపోహలన్నిటికీ మూలం, ప్రణాళిక అంటే శిఖరానికి చేరే దారి మాత్రమేననే భావన. నిజానికి మంచి ప్రణాళికలో సగం, అనుకున్నది జరగనప్పుడు ఏం చేయాలో చెప్పేదే. కాబట్టి ఏదైనా యాత్రలో చేరదలచిన యువతీయువకులు నిర్వాహకులను ముందుగా నాలుగు ప్రశ్నలు అడగాలి: వెనుదిరిగే వేళ ఏది, అదనపు రోజులు ఎన్ని, అనుమతి పత్రాలు చేతికి వచ్చాయా, జబ్బుపడినవారిని ఎవరు ఎలా దించుతారు? వీటికి స్పష్టమైన సమాధానం లేని యాత్రకు డబ్బు కట్టకపోవడమే మంచిది.