వెనుక దీపంలో రెండు తీగలు

కారు నడిపే మనిషికి ముందు దారి కనబడుతుంది. తన బండి వెనుక దీపం మాత్రం కనబడదు. అది వెలుగుతోందో లేదో వెనుక వచ్చేవాళ్ళకే తెలుస్తుంది.

ఏలూరు దగ్గర ఒక ఊళ్ళో ఒక కుటుంబానికి పాత అంబాసిడర్ కారు ఉంది. పెళ్ళిళ్ళకు, ఆసుపత్రికి కిరాయికి తిప్పుతారు. ఆ కార్ల తయారీ 2014లో ఆగిపోయింది. ఈ బండి మాత్రం ఆ ఇంటికి ఇంకా తిండి పెడుతోంది.

ఒక రాత్రి రోడ్డు మీద గేదె అడ్డం వచ్చింది. ఇంటాయన గట్టిగా బ్రేకు తొక్కాడు. వెనుక వస్తున్న లారీ కీచుమంటూ జానెడు దూరంలో ఆగింది. "బ్రేకు లైటు లేకుండా బండి తోలుతావా?" అని లారీ డ్రైవరు కేకలేశాడు.

ఆయన ఇంటికొచ్చి భార్యతో చెప్పాడు. "వెనుక లైట్లు వెలుగుతూనే ఉన్నాయి కదే!" అన్నాడు.

ఆమె కారు వెనుక నిలబడింది. "ఏదీ, తొక్కయ్యా" అంది. ఆయన తొక్కాడు. ఎర్ర వెలుగు ఉన్నది ఉన్నట్టే ఉంది. కొంచెం కూడా పెరగలేదు.

ఎందుకలా? ఆ బల్బు ఒకటే, లోపల తీగలు రెండు. సన్న తీగ రాత్రంతా మెల్లగా వెలుగుతుంది. రెండో తీగ బ్రేకు తొక్కినప్పుడే వెలుగుతుంది. దాని వెలుగు చాలా ఎక్కువ. ఆ తీగ తెగిపోయినా సన్న తీగ వెలుగుతూనే ఉంటుంది. చూసేవాళ్ళకు అంతా బాగున్నట్టే ఉంటుంది. కుడి పక్క బల్బులో ఆ తీగ తెగి నెల అయింది. ఎడమది ఉందిలే అని ఊరుకున్నారు. ఇప్పుడు అదీ పోయింది.

మార్చడం పెద్ద పని కాదు. ముందు లైట్లు ఆపాలి. బల్బు చల్లారే దాకా ఆగాలి. ఎర్ర మూతకు ఉన్న స్క్రూలు విప్పితే మూత వస్తుంది. కొన్ని కార్లకు డిక్కీ లోపలి నుంచి తీయాలి. బల్బును గుడ్డతో పట్టుకుని లోపలికి నొక్కాలి. సీసా మూత విప్పే వైపు కొంచెం తిప్పితే ఊడి వస్తుంది.

పాత బల్బు ఇత్తడి మీద అంకెలు ఉంటాయి. ఆమె దీపం దగ్గర పెట్టుకుని కూడబలుక్కుని చదివింది. 12. తరువాత 21. గీత. 5. పన్నెండు అంటే 12 వోల్టులు, కారు బ్యాటరీ లెక్క. 21 వాట్లు బ్రేకు తీగది. 5 వాట్లు సన్న తీగది.

మరునాడు కొట్లో కుర్రాడు ఒక బల్బు ఇచ్చాడు. దాని మీద 21 ఒక్కటే ఉంది. "ఇది కాదు బాబూ, పక్కన 5 కూడా ఉండాలి" అంది. అతను మార్చి ఇచ్చాడు. మొదట ఇచ్చింది మలుపు లైటుది. దానికి ఒకే తీగ. పక్కన ఉండే రెండు ముళ్ళూ సమానంగా ఉంటాయి. రెండు తీగల బల్బుకు ఒక ముల్లు పైకి, ఒకటి కిందికి ఉంటాయి. అందుకని అది ఒక్క తీరుగానే కూర్చుంటుంది. కూర్చోకపోతే తీసి, అటు తిప్పి పెట్టాలి. బలవంతం చేస్తే హోల్డరు పాడవుతుంది.

హోల్డరులో తుప్పు ఉంది. గరుకు కాగితంతో రుద్దారు. మూత కింద రబ్బరు సరిగా లేకపోతే వాన నీళ్ళు దిగి తుప్పు వస్తుంది. స్క్రూలు మరీ బిగించకూడదు, మూత పగులుతుంది. మూత మీద దుమ్ము కూడా తుడవాలి. ముందు అద్దం అందరూ తుడుస్తారు, వెనుక దీపం సంగతి ఎవరికీ పట్టదు!

కొత్త బల్బులు పెట్టినా రెండు పక్కలా వెలగకపోతే ఫ్యూజు చూడాలి. అదీ బాగుంటే బ్రేకు స్విచ్చి చూపించాలి. అది మెకానిక్కు పని.

సాయంత్రం ఆమె మళ్ళీ కారు వెనుక నిలబడింది.

"తొక్కు."

రెండు పక్కలా ఎర్రగా భగ్గుమంది.

"వదులు."

వెలుగు తగ్గింది. ఆయన తాళాలు తీసుకుని కిరాయికి బయలుదేరాడు. ఆమె మిగిలిన బల్బును గుడ్డలో చుట్టి కారు అరలో పెట్టింది.