పాత మాటలా, తప్పు మాటలా?

అపోహ: ఐరిష్ అంటే ఇంగ్లిష్‌కే ఒక యాస.

వాస్తవం: కాదు. ఐరిష్ కెల్టిక్ భాష, ఇంగ్లిష్ జర్మానిక్ భాష. 1937 నాటి ఐర్లండ్ రాజ్యాంగంలో మొదటి అధికార భాష ఐరిషే. అక్కడి జనం మాట్లాడే ఇంగ్లిష్ వేరే సంగతి.

అపోహ: 'క్రాక్' ప్రాచీన ఐరిష్ మాట.

వాస్తవం: సరదా, కబుర్లు అనే అర్థంలో ఐర్లండ్ పబ్బుల్లో ఎక్కడ చూసినా ఈ మాటే. స్పెల్లింగ్ చూస్తే అచ్చం ఐరిష్. కానీ మాట పుట్టింది స్కాట్లండ్, ఉత్తర ఇంగ్లండ్ మాండలికాల్లో. ఐర్లండ్ ఉత్తర ప్రాంతమైన అల్‌స్టర్ మీదుగా వచ్చి, 20వ శతాబ్దంలో ఐరిష్ స్పెల్లింగ్ తొడుక్కుని, ఆ వేషంతోనే మళ్లీ ఇంగ్లిష్‌లోకి వెళ్లింది. అంతమాత్రాన అది పరాయిదైపోదు; ఐరిష్ వాళ్లు దాన్ని మనసారా తమది చేసుకున్నారు. నిజంగా ఐరిష్ నుంచి వచ్చిన మాటలనేమో ఎవరూ గుర్తుపట్టరు. 'గలోర్' అలాంటిదే, ఐరిష్‌లో 'గో లోర్' అంటే చాలినంత. బ్రిటన్‌లో 'టోరీ' అనే పార్టీ పేరూ అంతే. అడవులు పట్టి తిరిగే ఐరిష్ బందిపోట్లను 17వ శతాబ్దంలో అలా పిలిచేవారు. తర్వాత అది రాజకీయ తిట్టయింది, ఆ పైన పార్టీ పేరయింది.

అపోహ: ఐర్లండ్ వాళ్లది తప్పుల ఇంగ్లిష్.

వాస్తవం: 'ఐ యామ్ ఆఫ్టర్ ఈటింగ్' అంటే 'ఇప్పుడే తిన్నాను' అని. అప్పుడే ముగిసిన పనిని ఐరిష్‌లో 'తర్వాత' అనే మాట చేర్చి చెబుతారు. ఆ నుడికారమే ఇంగ్లిష్‌లోకి దిగింది. ఐరిష్‌లో 'అవును', 'కాదు' అనడానికి విడి మాటలు లేవు. 'వచ్చావా?' అంటే 'వచ్చాను' అనడమే జవాబు. మనింట్లోనూ అలాగే అంటాం కదా! అందుకే అక్కడ 'యస్' అనాల్సినచోట 'ఐ డిడ్' తరచూ వినిపిస్తుంది. దీన్ని తప్పనడం అన్యాయం.

అపోహ: పాత ఇంగ్లిష్ పుస్తకాల్లోని 'థౌ' గౌరవ వాచకం.

వాస్తవం: పూర్తిగా తలకిందులు. అది మన 'నువ్వు'. మర్యాదకు వాడింది 'యీ', 'యూ'. దేవుణ్ని మనం చనువుగా 'నువ్వు' అన్నట్టే వాళ్లూ 'థౌ' అన్నారు. అందరికీ 'యూ' స్థిరపడ్డాక, ప్రార్థనల్లో మిగిలిన 'థౌ' గంభీరంగా వినిపించసాగింది.

అపోహ: 'యీ' ఎప్పుడో చచ్చిపోయిన మాట.

వాస్తవం: దుకాణాల బోర్డుల మీది 'యీ ఓల్డ్' మాత్రం పొరపాటు, అక్కడున్నది 'థార్న్' అనే పాత అక్షరానికి బదులు రాసిన 'వై', దాన్ని 'ద' అనే చదవాలి. అసలైన 'యీ' బతికే ఉంది. 'మీరంతా' అనడానికి ఐర్లండ్‌లోని కార్క్‌లో ఇవాళ్టికీ ఆ మాటే వాడతారు.