నీటి మీద ఎగిరే పలక: ఎవరికి ఏది తగినది?

మన కోలారు జిల్లాకు సముద్రం లేదు. పాలారు మన వైపే పుట్టినా, అందులో నీళ్లు కనిపించేది వానలు బాగా పడిన ఏడే. అలాంటి చోట సముద్రం మీద ఆడే ఆట గురించి ప్రసంగం ఏమిటని మీరు అడగవచ్చు. కారణం ఉంది. వేమగల్, నరసాపుర పారిశ్రామిక వాడల్లో, బెంగళూరు కంపెనీల్లో పనిచేసే మన పిల్లలు సెలవు దొరికితే సముద్రం వైపు వెళుతున్నారు. చెన్నైకి దక్షిణంగా ఉన్న కోవళం, మంగళూరు పక్కన ముల్కి, ఇంకా దూరం వెళితే రామేశ్వరం. అక్కడ ఒక మనిషి చేతిలో రెక్క పట్టుకుని, నీటికి మూరెడు ఎత్తున పలక మీద నిలబడి, చప్పుడు లేకుండా సాగిపోవడం చూస్తారు. ఇంటికి వచ్చి తామూ ఒకటి కొంటామంటారు. ఆ సరంజామా మొత్తం కొనాలంటే ఖర్చు లక్షల్లోకి పోతుంది. తప్పు పలక కొంటే డబ్బు పోవడమే కాదు, ఆట మీద ఆశ కూడా పోతుంది. అందుకే ఈ పలక ఎలా పనిచేస్తుంది, ఎవరికి ఎలాంటిది తగినది, ఎక్కడ దాన్ని దించకూడదు అనే సంగతులు ఈ ప్రసంగంలో చెప్పుకుందాం.

మొదట అది ఎలా ఎగురుతుందో చూద్దాం. మీరు బస్సులో కిటికీ పక్కన కూర్చుని చేయి బయట పెట్టి, అరచేతిని కొంచెం పైకి వంచితే గాలి చేతిని పైకి నెడుతుంది. విమానం రెక్కకూ, హెలికాప్టరు రెక్కకూ ఇదే సూత్రం. వేమగల్ పేరు ఈమధ్య ఆ వార్తల్లో వినిపిస్తోంది కదా. టాటా అడ్వాన్స్‌డ్ సిస్టమ్స్ సంస్థ వేమగల్‌లో కూర్చిన టీశాట్-1ఎ ఉపగ్రహం 2024 ఏప్రిల్‌లో అంతరిక్షానికి వెళ్లింది. ఎయిర్‌బస్ వారి హెచ్125 హెలికాప్టర్లను కూర్చడానికి 2025లో ఎంచుకున్నదీ వేమగల్‌నే. ఆ హెలికాప్టరు రెక్క గాలిలో చేసే పనినే ఈ పలక కింద ఉండే చిన్న రెక్క నీటిలో చేస్తుంది. నీరు గాలి కంటే సుమారు 800 రెట్లు బరువైనది. అందువల్ల రెండు మూరల పొడవు, జానెడు లోపు వెడల్పు ఉన్న రెక్క చాలు, మనిషినీ పలకనూ కలిపి పైకి ఎత్తడానికి. దీన్ని ఫాయిల్ అంటారు. పలక అడుగున నిలువుగా ఒక కంబం, దాని చివర అడ్డంగా ఒక కడ్డీ, ఆ కడ్డీకి ముందు పెద్ద రెక్క, వెనక చిన్న రెక్క ఉంటాయి. ముందుది ఎత్తుతుంది, వెనకది నిలకడ ఇస్తుంది.

ఈ ఆలోచన కొత్తది కాదు. ఇటలీ దేశస్థుడు ఎన్రికో ఫోర్లానిని 1906లోనే మజ్జోరె సరస్సు మీద ఫాయిల్ పడవ నడిపాడు. టెలిఫోను కనిపెట్టిన గ్రహంబెల్ బృందం తయారుచేసిన ఫాయిల్ పడవ 1919లో గంటకు 114 కిలోమీటర్ల వేగం అందుకుంది. దాన్ని చిన్న పలక కిందికి తెచ్చి, చేత పట్టే గాలి రెక్కతో నడపడం మాత్రం ఈ చివరి కొన్నేళ్లలో పుట్టిన ఆట. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో తెరచాప పలకలూ, గాలిపటం పలకలూ ఫాయిల్ మీదే పోటీ పడ్డాయి.

లాగే సాధనం రెండు రకాలు. ఒకటి వింగ్. గాలి నింపిన అంచు గల రెక్క ఇది. రెండు చేతులతో పట్టుకుంటారు. నీళ్లలో పడితే తేలుతుంది, పట్టుకుని ఊపిరి పీల్చుకోవచ్చు. రెండవది పారావింగ్. 2024 నుంచి ఇది బాగా ప్రచారంలోకి వచ్చింది. ఇందులో గాలి నింపే గొట్టం ఉండదు. పలుచని బట్ట, సన్నని తాళ్లు, చేతిలో ఒక చిన్న కడ్డీ, అంతే. పలక పైకి లేచి అలల ఊపు అందిన తరువాత, పారావింగ్‌ను నలిపి నడుముకు కట్టుకున్న సంచిలో పెట్టేసి, ఖాళీ చేతులతో అల మీద సాగిపోవచ్చు. దాని సుఖం అదే. కష్టం కూడా అక్కడే ఉంది. మధ్యలో పడిపోతే తడిసిన బట్టను మళ్లీ విప్పి, తాళ్లు చిక్కు తీసి, పలక మీద మోకాళ్ల మీద కూర్చుని గాలికి ఎత్తాలి. అంతసేపూ మిమ్మల్ని మోయవలసింది పలకే.

ఇక అసలు విషయానికి వద్దాం. పలకల్లో పొట్టివి, పొడుగువి, మధ్యరకం అని మూడు తరగతులు. దీన్ని మనకు తెలిసిన పడవలతో పోల్చుకుందాం. హొగెనకల్‌లో మీరు పుట్టి ఎక్కే ఉంటారు. గుండ్రంగా, వెడల్పుగా ఉంటుంది. బరువు మోస్తుంది, సులభంగా బోల్తా పడదు. కానీ వేగం రాదు. ఎంత తెడ్డు వేసినా నీటిని ముందుకు తోస్తూ, చుట్టూ తిరుగుతూ ఉంటుంది. కేరళ పాము పడవను చూడండి. సన్నగా, పొడవుగా ఉంటుంది. నీటిని చీల్చుకుంటూ దూసుకుపోతుంది. కానీ నేర్పు లేనివాడు ఎక్కితే ఒక పక్కకు ఒరిగిపోతుంది.

పలక సంగతీ అంతే. మొదట్లో వచ్చిన వింగ్ పలకలు సుమారు ఐదడుగుల పొడవు, రెండడుగులకు పైన వెడల్పుతో, పుట్టిలా ఉండేవి. ఇవి లేవాలంటే గట్టి గాలి, పెద్ద రెక్క కావాలి. ఎందుకంటే కదిలే పలక ముందు ఒక చిన్న అల లేస్తుంది. పొట్టి పలక ఆ అలను ఎక్కలేక అక్కడే శక్తి ఖర్చు చేస్తుంది. పొడుగు పలకలు ఏడెనిమిది అడుగులు ఉంటాయి, వెడల్పు ఇరవై అంగుళాల చుట్టుపక్కల. ఇవి కొద్దిపాటి లాగుడుకే వేగం అందుకుంటాయి. కానీ గాలిలోకి లేచిన తరువాత ముక్కు బరువవుతుంది. ఏతాం చూసినవారికి ఈ మాట తెలుస్తుంది. దూలం ఎంత పొడవైతే, చివర తిప్పడం అంత కష్టం.

ఈ రెండిటి మధ్య ఉన్నదే మిడ్‌లెంగ్త్ పలక. దాదాపు ఐదున్నర నుంచి ఆరున్నర అడుగుల పొడవు, 19 నుంచి 22 అంగుళాల వెడల్పు. తక్కువ గాలికి లేస్తుంది, లేచాక చెప్పిన మాట వింటుంది. పారావింగ్‌కు ఇది మరీ అవసరం. వింగ్ పట్టుకున్నవాడు రెక్కను ఒకటి రెండుసార్లు గట్టిగా ఊపి పలకను లేపగలడు. పారావింగ్‌కు ఆ ఊపు బలం తక్కువ. కాబట్టి సులువుగా జారే పలక కింద ఉండాలి. ఎగిరి దూకే విన్యాసాలే మీకు ముఖ్యమైతే మాత్రం మిడ్‌లెంగ్త్ వద్దు. దానికి పొట్టి పలకే మేలు.

కొనేటప్పుడు మొదట చూడవలసింది లీటర్ల లెక్క. ప్రతి పలక మీదా అది ఎన్ని లీటర్లో రాసి ఉంటుంది. ఒక లీటరు పలక ఒక కిలో బరువును తేల్చుతుందని స్థూలంగా గుర్తుపెట్టుకోండి. మీ బరువు 70 కిలోలు అనుకుందాం. పలక 6 కిలోలు, ఫాయిల్ 5 కిలోలు, తడి బట్టలూ తేలే జాకెట్టూ 3 కిలోలు. మొత్తం 84 కిలోలు. అంటే 84 లీటర్ల పలక మీద మీరు కదలకుండా నిలబడితే అది సరిగ్గా నీటి మట్టానికి ఉంటుంది. 70 లీటర్ల పలక అయితే మీ కాళ్ల కింద మునిగిపోతుంది. మునిగిన పలకను కదిలించి లేపడం నేర్పరుల పని.

అందువల్ల ఆటగాళ్లు పాటించే కొలత ఇలా ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవారికి బరువు మీద 30 నుంచి 40 లీటర్లు ఎక్కువ. అంటే 70 కిలోల మనిషికి 100 నుంచి 110 లీటర్లు, వెడల్పు 26 అంగుళాలకు పైన. వీరికి మిడ్‌లెంగ్త్ పనికిరాదు. సన్నని పలక మీద నిలబడలేక పదిసార్లు పడి, పదకొండోసారి ఇంటికి వచ్చేస్తారు. రెండు వైపులకూ సాగి, పడకుండా వెనక్కి తిరిగి రాగలిగినవారికి బరువు మీద 10 నుంచి 20 లీటర్లు, వెడల్పు 21, 22 అంగుళాలు. మిడ్‌లెంగ్త్ కొనదగినవారు వీరే. బాగా చేయి తిరిగినవారికి బరువుకు సమానమైన లీటర్లు, 19, 20 అంగుళాల వెడల్పు చాలు. పారావింగ్ కోసమే తీసుకునేటట్లయితే ఈ లెక్కకు ఇంకో ఐదు, పది లీటర్లు కలుపుకోండి. నీళ్లలో పడి తాళ్ల చిక్కు తీసుకునే వేళ ఆ పది లీటర్ల విలువ తెలుస్తుంది.

రెండవది ఫాయిల్‌తో పొత్తు. రెక్క ఎత్తే బలం వేగం మీద ఆధారపడుతుంది. వేగం రెట్టింపైతే బలం నాలుగింతలవుతుంది. పెద్ద రెక్క సైకిలు వేగానికే లేస్తుంది. చిన్న రెక్కకు ఎక్కువ వేగం కావాలి. సన్నని పలకకు మారే రోజునే ఫాయిల్ కూడా చిన్నదానికి మార్చకండి. రెండు కష్టాలు ఒకేసారి తలకెత్తుకున్నట్లవుతుంది. పాత పెద్ద రెక్కతో కొత్త పలక అలవాటు చేసుకుని, ఆ తరువాత రెక్క మార్చండి. కంబాన్ని బిగించే గాడి పొడవుగా ఉందా, ముందుకూ వెనక్కూ జరపడానికి వీలుందా అన్నది కూడా చూడాలి. బండి మీద బరువు ముందుకు ఎక్కువైతే ఎద్దు మెడ మీద పడుతుంది, వెనక్కు ఎక్కువైతే కాడి పైకి లేస్తుంది. ఇక్కడా అదే బేరీజు.

మూడవది పలక తయారీ. చాలావరకు తేలికైన ఫోమ్ మీద గాజునార, కార్బన్ నార అతికి చేస్తారు. గట్టిగా ఉన్న పలకలో మీ కాలి ఒత్తిడి నేరుగా రెక్కకు అందుతుంది. గాలి నింపే పలకలూ ఉన్నాయి. వాటిని మడిచి బస్సులో తీసుకుపోవచ్చు. కాకపోతే అవి మెత్తగా ఉంటాయి, లేవడానికి ఆలస్యం చేస్తాయి.

పాత పలక కొంటుంటే నాలుగు పరీక్షలు చేయండి. గాడి చుట్టూ సన్నని పగుళ్లు ఉన్నాయేమో వేలితో తడమండి. పైభాగాన్ని తట్టి చూడండి. ఒకచోట గట్టిగా, ఒకచోట డొల్లగా వినిపిస్తే నార లోపల ఊడినట్లే. కాటా మీద తూచండి. తయారీదారు చెప్పిన బరువు కంటే కిలో ఎక్కువ తూగితే లోపల నీరు చేరిందని అనుమానించాలి. నాలుగవది, గాలి వదిలే మర ఉందేమో చూడండి. ఇది మనకు ముఖ్యం. కోలారు సముద్ర మట్టానికి 800 మీటర్ల పైన ఉంది. ఇక్కడ గాలి ఒత్తిడి తీరం కంటే ఎనిమిది, తొమ్మిది శాతం తక్కువ. తీరంలో మర బిగించిన పలకను అలాగే పైకి తెచ్చి ఎండలో కారు మీద వదిలితే, లోపలి గాలి వ్యాకోచించి పలక ఉబ్బవచ్చు, అతుకు ఊడవచ్చు. ప్రయాణంలో మర వదులు చేయాలి. నీటిలోకి దిగే ముందు మరిచిపోకుండా బిగించాలి.

చివరగా అన్నిటికంటే ముఖ్యమైన మాట. తీరం దూరమని ఈ పలకను మన చెరువుల్లో దించే ఆలోచన ఎవరికైనా వస్తే, దయచేసి ఆపండి. 2018 నుంచి బెంగళూరు కోరమంగల, చల్లఘట్ట లోయ నుంచి శుద్ధి చేసిన మురుగునీరు మన చెరువులకు వస్తోంది. అది భూమిలోకి ఇంకి, అడుగంటిన నీటిమట్టాన్ని పైకి తేవడానికి ఉద్దేశించినది. ఈదడానికీ, మింగడానికీ కాదు. ఏళ్ల తరబడి ఎండిన చెరువుల్లో పెరిగిన తుమ్మలు, జాలి ముళ్లు ఇప్పుడు నీటి కింద కనిపించకుండా ఉండవచ్చు. మట్టి తవ్విన గుంతలు ఎక్కడున్నాయో పైనుంచి తెలియదు. ఫాయిల్ కంబం మీటరుకు కొంచెం తక్కువ. అది ముల్లు మొదలుకు తగిలితే పలక ఆగిపోతుంది, మనిషి ఆగడు. ముందుకు విసిరేసినట్లు పడతాడు. కింద ఉన్నది కత్తిలాంటి అంచు గల రెక్క.

తీరంలోనూ జాగ్రత్తలు ఉన్నాయి. ఈత రానివారు దీని జోలికి పోరాదు. తలకు హెల్మెట్, ఒంటికి తేలే జాకెట్, పలకకు కట్టుతాడు తప్పనిసరి. గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీచే రోజున దిగరాదు. అది మిమ్మల్ని లోపలికి తీసుకుపోతుంది, తిరిగి తీసుకురాదు. పారావింగ్ వాడేవారికి ఈ నియమం మరీ గట్టిది, అది తడిసి లేవకపోతే ఒడ్డుకు చేర్చడానికి వేరే సాధనం లేదు.

అందుచేత ఇంట్లో పిల్లలు అడిగినప్పుడు వద్దని కసరకండి, వెంటనే డబ్బూ ఇవ్వకండి. నాలుగు ప్రశ్నలు వేయండి. నీ బరువెంత? పడకుండా తిరిగి రావడం వచ్చిందా? ఏడాదిలో ఎన్ని రోజులు సముద్రం దగ్గర ఉంటావు? అక్కడ గాలి ఎంత? ఏడాదికి నాలుగైదు రోజులే అయితే శిక్షణ ఇచ్చేచోట అద్దె పలక చాలు. ఏ పలక సరిపోతుందో అక్కడే రెండు మూడు రకాలు మార్చి చూసి తెలుసుకోవచ్చు. గాలి ఉన్నప్పుడే తూర్పారబట్టుకోవాలని మన పెద్దలన్నారు. అయితే ఆ గాలికి ముందు చేట ఎంచుకోవడం, పట్టుకోవడం తెలిసి ఉండాలి కదా.