తొలగించిన ఫైలు డిస్క్‌ను వదలదెందుకు?

ఉక్కు నగరం జంషెడ్‌పూర్‌లోని బారిడీహ్‌లో ఓ ఇంజినీరింగ్ విద్యార్థి ఉన్నాడనుకోండి. ఉక్కు రేకులపై పగుళ్లను ఫొటోల్లో గుర్తించే ప్రోగ్రామ్ రాస్తున్నాడు. రెండు గిగాబైట్ల ఫొటోల జిప్ ఫైలును పొరపాటున ప్రాజెక్టులో చేర్చి, మర్నాడు తొలగించాడు. అయినా ల్యాప్‌టాప్‌లో ఖాళీ పెరగలేదు. కోడ్ చూస్తే కొన్ని మెగాబైట్లే. మిగతా చోటు ఏమైంది?

జవాబు 'గిట్' పనితీరులో ఉంది. లినక్స్ కెర్నల్ అభివృద్ధి కోసం లైనస్ టోర్వాల్డ్స్ 2005లో దీన్ని రూపొందించారు. 'కమిట్' చేసిన ప్రతిసారీ ప్రాజెక్టు అప్పటి స్థితిని ఇది ఒక దాగిన ఫోల్డర్‌లో భద్రపరుస్తుంది. ఫైలులో ఒక్క అక్షరం మారినా పూర్తి ప్రతిని కుదించి కొత్త ఆబ్జెక్టుగా దాస్తుంది. తర్వాత వాటిని 'ప్యాక్' ఫైలుగా కట్టగట్టి, పోలిక ఉన్నవాటి మధ్య తేడాలను మాత్రమే ఉంచుతుంది. దీంతో కోడ్ బాగా కుదించుకుపోతుంది. జిప్, జేపెగ్, వీడియో ఫైళ్లు ముందే కుదించినవి కాబట్టి పెద్దగా తగ్గవు.

ఫైలును తొలగించడం గిట్ దృష్టిలో మరో కొత్త కమిట్ మాత్రమే. పద్దుపుస్తకంలో కొత్త పద్దు రాసినా పాతది చెరిగిపోనట్టే, పాత ఫైలు చరిత్రలో అలాగే ఉంటుంది. ప్రాజెక్టును పూర్తిగా నకలు చేసుకునే ప్రతి ఒక్కరూ ఆ బరువును మోయాల్సిందే.

సమస్య ఎక్కడుందో 'గిట్ కౌంట్-ఆబ్జెక్ట్స్' ఆదేశం చెబుతుంది. విడి ఆబ్జెక్టులు పేరుకుపోతే 'గిట్ జీసీ' వాటిని సర్దుతుంది. మధ్యలో ఆగిపోయిన పనుల తాత్కాలిక ఫైళ్లు చెత్త లెక్కలో కనిపిస్తాయి. ప్యాక్ ఫైలే భారీగా ఉంటే, చరిత్రలో పెద్ద ఫైలు ఇరుక్కుందేమో వెతకాలి. దాన్ని తీయాలంటే 'గిట్ ఫిల్టర్-రెపో' వంటి సాధనంతో చరిత్రనే తిరగరాయాలి. అప్పుడు కమిట్ల గుర్తింపు సంఖ్యలు మారిపోతాయి. అందుకే ముందుగా నకలు తీసుకోవాలి, తోటివారికీ చెప్పాలి.

చివరి కమిట్‌ను వెనక్కి తీసుకున్నా చోటు వెంటనే ఖాళీ కాదు. మామూలు అమరికలో, ఏ శాఖకూ అందని కమిట్ల జాడను గిట్ 30 రోజులు ఉంచుతుంది. పొరపాటున పోయిన పనిని తిరిగి తెచ్చేది ఈ ఆలస్యమే. అయితే ఇందులో ఓ ప్రమాదమూ ఉంది. కమిట్ చేసి తొలగించిన పాస్‌వర్డ్ కూడా చరిత్రలో మిగులుతుంది. అది ఇతరులకు చేరి ఉంటే వెంటనే మార్చేయాలి.

పెద్ద సంస్థలకూ ఈ చిక్కు తప్పలేదు. దాదాపు 300 గిగాబైట్లు, 35 లక్షల ఫైళ్లున్న విండోస్ కోడ్‌ను గిట్‌కు మార్చేందుకు మైక్రోసాఫ్ట్, అవసరమైన ఫైళ్లనే తెచ్చే ప్రత్యేక వ్యవస్థను నిర్మించి 2017లో ప్రకటించింది. మన విద్యార్థికి అంత అవసరం లేదు. ఫొటోల ఫోల్డర్ పేరును 'గిట్ఇగ్నోర్' ఫైలులో ముందే రాసి ఉంటే చాలు.