మీకు తెలుసా? గ్రీన్‌కార్డుకు ఎవరి సలహా చెల్లుతుంది?

ఉద్యోగం మీద వేసే గ్రీన్‌కార్డులో మొదటి మెట్టు లేబర్ సర్టిఫికేషన్. మనవాళ్లు పెర్మ్ అంటారే, అదే! దాని లాయరు ఫీజు ఎవరు కట్టాలి? కంపెనీయే! ఉద్యోగి ఒక్క డాలరు కూడా కట్టకూడదు. పేపరు ప్రకటనల ఖర్చూ కంపెనీదే. జీతంలో కోసుకోవడమూ కుదరదు! 2007 జూలై 16 నుంచి ఇది అమెరికా కార్మిక శాఖ నిబంధన. తనకోసం వేరే లాయర్ని పెట్టుకుంటే మాత్రం ఆ ఫీజు తనదే. "నీ పెర్మ్‌కు నువ్వే కట్టుకో" అని మీ అబ్బాయితో ఎవరైనా అన్నారా? ఈ తేదీ చెప్పమనండి!

గ్రీన్‌కార్డు కేసులో న్యాయ సలహా ఇచ్చే హక్కు అమెరికాలో ఎంతమందికి ఉందో తెలుసా? 2 రకాలవాళ్లకే! ఒకరు లైసెన్సున్న లాయరు. రెండోవారు న్యాయ శాఖ గుర్తింపు పొందిన ప్రతినిధి. వీళ్లు స్వచ్ఛంద సంస్థల్లో తక్కువ ఫీజుకు పనిచేస్తారు. మిగతావాళ్లు మీరు చెప్పింది ఫారంలో రాసిపెట్టొచ్చు, అంతే! ఏ కేటగిరీలో వేయాలో, ఏ ప్రశ్నకు ఏం రాయాలో చెప్పకూడదు. ప్రొద్దుటూరు ట్రావెల్స్ ఏజెంటు అయినా, న్యూజెర్సీలో ట్యాక్స్ ఫారాలు నింపే పెద్దమనిషి అయినా సరే! లాయరు లైసెన్సు నిజమో కాదో ఆ రాష్ట్ర బార్ వెబ్‌సైటులో పేరు కొడితే నిమిషంలో తేలిపోతుంది.

కూతురు డల్లాస్‌లో, లాయరు షికాగోలో! కుదురుతుందా? నిక్షేపంగా! ఇమిగ్రేషన్ కేంద్ర ప్రభుత్వ చట్టం. అందుకే 50 రాష్ట్రాల్లో ఎక్కడ లైసెన్సు ఉన్నా దేశమంతా ఈ కేసులు చూడొచ్చు!

ఇది వినండి! ఐస్‌లాండ్ జనాభా మొత్తం కలిపినా 4 లక్షలు లేరు. మన కడప జిల్లా ఒక్కటే అంతకన్నా ఎన్నో రెట్లు పెద్దది! అయినా ఏటా కోటా కింద ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఐస్‌లాండ్‌కు ఎంత పరిమితో, భారతదేశం మొత్తానికీ అంతే. 7 శాతం! మనవాళ్ల వరుస కదలకపోవడానికి అసలు కారణం ఇదే. తప్పు మీ పిల్లలది కాదు, లాయరుదీ కాదు!

ఇక ఇది మన జిల్లావాళ్లు చెవిన వేసుకోవాల్సిందే! వరుస లెక్కించేది పుట్టిన దేశాన్ని బట్టి. పాస్‌పోర్టును బట్టి కాదు! అమ్మానాన్నలు కువైట్‌లో పనిచేస్తుండగా అక్కడి ఆసుపత్రిలో ఒక పాప పుట్టిందనుకోండి. నెలల పిల్లగానే పులివెందులకు వచ్చేసింది. ఇక్కడే చదివింది, ఇక్కడే పెరిగింది, చేతిలో ఉన్నదీ భారత పాస్‌పోర్టే. అయినా ఆమెది కువైట్ వరుస! ఇంకా ఉంది! ఆ అమ్మాయి జమ్మలమడుగు అబ్బాయిని పెళ్లాడితే, ఆ అబ్బాయి కూడా భార్య పుట్టిన దేశం వరుసలోకి మారొచ్చు! పెళ్లి మాత్రం గ్రీన్‌కార్డు రాకముందే అయ్యుండాలి. 2025 జూలైలో భారతీయుల ఈబీ-2 (ఉద్యోగ గ్రీన్‌కార్డుల్లో రెండో కేటగిరీ) వరుస 2013 జనవరి 1 దగ్గర ఉంది. అంటే 12 ఏళ్లకు పైగా వెనక! పుట్టిన చోటు ఒక్కటి ఆ ఏళ్లన్నీ మిగల్చగలదు. లాయరు అడగకపోయినా మీరే చెప్పండి, బర్త్ సర్టిఫికెట్ మీద కువైట్ అని ఉందని!

"మీకు గ్రీన్‌కార్డు లాటరీ తగిలింది" అని ఈమెయిల్ వచ్చిందా? చట్టం ప్రకారం ఆ లాటరీలో ఏటా 55,000 వీసాలు. అందులో భారతదేశం పేరే లేదు! మీరు, మీ జీవిత భాగస్వామి ఇద్దరూ ఇక్కడే పుట్టినవాళ్లయితే ఆ ఈమెయిల్‌ను తీసి పారేయండి. డబ్బు అడిగితే ఇంకా త్వరగా!

పులివెందులలో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ పెట్టిన సంవత్సరం గుర్తుందా? 2006! అదే ఏడాది అమెరికా పౌరుడైన అన్న, ఇక్కడున్న తమ్ముడి కోసం వేసిన దరఖాస్తుకు ఎప్పుడు వంతు వచ్చింది? 2025లో! కాలేజీలో చేరినవాళ్లు చదువు ముగించి, పెళ్లిళ్లు చేసుకుని, పిల్లల్ని బడికి పంపుతున్నారు. తమ్ముడు ఇప్పుడు వీసా ఇంటర్వ్యూకు తయారవుతున్నాడు!

2007 జూలైలో ఏం జరిగిందో విన్నారా? ఉద్యోగ గ్రీన్‌కార్డుల వరుసలు దాదాపు అన్నీ ఆ నెలకు తెరిచేశామని ప్రభుత్వ వీసా బులెటిన్ వచ్చింది. ఇంకేముంది! మనవాళ్లు పరుగులు పెట్టి మెడికల్ పరీక్షలు చేయించుకున్నారు. ఫొటోలు దిగారు. లాయర్ల ఆఫీసుల్లో రాత్రింబవళ్లు ఫైళ్లు కట్టారు. తీరా జూలై 2న "ఇక తీసుకోం" అనేశారు! భారతీయులు ఏం చేశారో తెలుసా? పూలు పంపారు! ఇమిగ్రేషన్ సంస్థ డైరెక్టర్ పేరు మీద బొకేలే బొకేలు! అచ్చం సినిమాలో చూసిన గాంధీగిరి! ఆయన ఆ పూలను గాయపడిన సైనికులుండే ఆసుపత్రికి పంపించారు. ఒకవైపు పూలు, మరోవైపు లాయర్ల దావాలు. సరిగ్గా 15 రోజులకు, జూలై 17న, ప్రభుత్వం దిగొచ్చింది! ఆగస్టు 17 దాకా దరఖాస్తులు తీసుకుంది! ఎప్పుడు గుర్తొచ్చినా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఏడాదికి ఎంతమంది భారతీయుల్ని వలస రానిస్తామని అమెరికా 1946లో చట్టం చేసిందో ఊహించండి. 100 మందిని! దేశం మొత్తానికి! అంతకుముందు అదీ లేదు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1920ల్లో అక్కడికి వెళ్లారు. మందుల పరిశోధనలో అంత పేరు తెచ్చుకున్నారు. కానీ అమెరికా పౌరుడు కాకుండానే 1948లో అక్కడే కన్నుమూశారు!

గ్రీన్‌కార్డు ఎప్పుడూ పచ్చగానే ఉందనుకున్నారా? లేదు! 1964లో నీలం చేశారు. ఆ తర్వాతా రంగులు మార్చారు. మళ్లీ పచ్చదనం వచ్చింది 2010లోనే! 46 ఏళ్లు పచ్చదనం లేని గ్రీన్‌కార్డు!

అమ్మానాన్నలకు బర్త్ సర్టిఫికెట్ లేదని దిగులా? వద్దు! మన దేశంలో జనన మరణాల నమోదు చట్టం అమల్లోకి వచ్చిందే 1970 ఏప్రిల్ 1న. అంతకుముందు పుట్టినవాళ్లకు ఆ కాగితం దొరకకపోవచ్చని అమెరికా వాళ్లకూ తెలుసు! పుట్టుక నమోదు కాలేదని మునిసిపాలిటీలోనో పంచాయతీలోనో రాయించుకోండి. పాత స్కూలు సర్టిఫికెట్ వెతకండి. పుట్టినప్పటి సంగతి తెలిసిన పెద్దవాళ్లు ఇద్దరి చేత అఫిడవిట్లు రాయించండి. ఇంటిపేరు అన్ని కాగితాల్లోనూ ఒకేలా ఉందో లేదో చూసుకోండి! ఒకచోట పొడి అక్షరం, మరోచోట పూర్తి పేరు ఉంటే ఆ సంగతీ అఫిడవిట్‌లో రాయించండి.

తెలుగులో ఉన్న కాగితాన్ని ఇంగ్లీషులోకి మార్చడానికి ఎవరు కావాలి? లాయరా? నోటరీనా? ఇద్దరూ అక్కర్లేదు! రెండు భాషలూ బాగా వచ్చిన మనిషి ఒక్కరు చాలు. "అనువాదం పూర్తిగా, సరిగ్గా ఉంది, నాకు రెండు భాషలూ వచ్చు" అని రాసి సంతకం పెడితే అమెరికా ఇమిగ్రేషన్ సంస్థకు సరిపోతుంది!

హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో 2023లో అంత పెద్ద అమెరికా కాన్సులేట్ తెరిచారు కదా! అమ్మానాన్నల గ్రీన్‌కార్డు ఇంటర్వ్యూ అక్కడేననుకున్నారా? కాదు, ముంబైలో! మనకు ఒక మేలుంది. చెన్నై, ముంబై రైలు మార్గం ఎర్రగుంట్ల మీదుగానే పోతుంది!

భార్యకు గ్రీన్‌కార్డు దరఖాస్తు వేసే భర్త ఐ-864 ఫారం మీద సంతకం పెడతాడు. ఆమెను పోషిస్తానని ప్రభుత్వానికి ఇచ్చే హామీ అది. విడాకులైతే హామీ తీరిపోతుందా? తీరదు! ఆమె పౌరురాలు అయ్యేదాకా, లేదా 40 త్రైమాసికాల పని లెక్కకు వచ్చేదాకా అతన్ని వదలదు. ఆమె గ్రీన్‌కార్డు వదులుకుని దేశం విడిచి వెళ్లిపోతే తప్ప! ఆ సంతకం పట్టుకుని ఆమె కోర్టుకూ వెళ్లొచ్చు!

ఆడపిల్లను ఇచ్చినవాళ్లు ఇది తప్పకుండా చదవాలి. భర్త అమెరికా పౌరుడో, గ్రీన్‌కార్డు ఉన్నవాడో. ఇంట్లో హింసిస్తున్నాడు. "నోరెత్తితే నీ కాగితాలు ఆపేస్తా" అని బెదిరిస్తున్నాడు. ఆమె తన గ్రీన్‌కార్డుకు తానే దరఖాస్తు వేసుకోవచ్చు! 1994 నాటి చట్టం ఇచ్చిన హక్కు ఇది. భర్త సంతకం అక్కర్లేదు. ఆయనకు తెలియజేయరు కూడా! మీ ఇంటి ఆడపిల్లకు ఈ మాట పెళ్లికి ముందే చెప్పి పంపండి!

కొడుకు దగ్గర గ్రీన్‌కార్డు తీసుకుని, ఊళ్లో పొలం పనులని, మనవరాలి పెళ్లని ఇక్కడే ఉండిపోయే పెద్దలు ఎందరో! ఏడాది దాటితే ఆ కార్డుతో మళ్లీ విమానం ఎక్కడం కష్టం. రీ-ఎంట్రీ పర్మిట్ ముందే, అమెరికాలో ఉన్నప్పుడే వేసుకోవాలి! ఒకవేళ విమానాశ్రయంలో అధికారి ఐ-407 ఫారం ముందు పెట్టి "సంతకం చేయండి" అంటే? అది కార్డు వదులుకుంటున్నామనే కాగితం! మీ ఇష్టంతో పెట్టాల్సిన సంతకం అది. పెట్టను, జడ్జి ముందు చెప్పుకుంటాను అనొచ్చు! అమ్మానాన్నల చేత ఈ ఒక్క మాట ఇంగ్లీషులో రెండుసార్లు అనిపించి విమానం ఎక్కించండి.

ఇమిగ్రేషన్ కోర్టులో ప్రభుత్వం ఉచితంగా లాయర్ని ఇస్తుందా? ఇవ్వదు! లాయరు హక్కు ఉంది, ఖర్చు మాత్రం మీదే. కానీ ఉచితంగా సాయం చేసే లాయర్లు, సంస్థల జాబితాను న్యాయ శాఖే వెలువరిస్తుంది. 3 నెలలకోసారి కొత్తది!

హోసే పడియా అనే లారీ డ్రైవరు సంగతి వినండి! హోండురాస్‌లో పుట్టాడు. వియత్నాం యుద్ధంలో అమెరికా తరఫున పనిచేశాడు. గ్రీన్‌కార్డుతో 40 ఏళ్లకు పైగా అక్కడే ఉన్నాడు! గంజాయి కేసు తగిలింది. ఇన్నేళ్లున్నావు, భయం లేదని లాయరు చెప్పాడట. నేరం ఒప్పుకున్నాడు. దేశం నుంచి పంపించేసే దాకా వచ్చింది! 2010లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. క్రిమినల్ లాయరు ఆ ప్రమాదం గురించి ముందే హెచ్చరించి తీరాలని! అమెరికాలో మీవాళ్లకు చిన్న కేసైనా తగిలితే, నేరం ఒప్పుకునే ముందే లాయర్ని నిలదీసి అడగమనండి. నా కార్డు ఉంటుందా, పోతుందా?